నాకు దడేటి

పొద్దున్న ఏడుంపావుకి మా అప్ప బెల్లం తూస్తోంది. బొబ్బిలిలో వాళ్ళ కిరాణా కొట్టు అప్పుడే తెరిచారు. నేను విజయనగరం నుంచి మొదటి బస్సులో వచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకన్నా చాలా పెద్దది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఆ తరవాత నేను చదివినవన్నీ అనవసరమని చెప్పిందీ ఆమే.

కాటా మీద అంకె నిలవడం లేదు. అరకిలో దగ్గర పైకీ కిందికీ ఊగుతోంది. బెల్లం కోసం వచ్చిన ముసలాయన కాసేపు చూసి, "సెయ్యి తీసి తూయమ్మా, బెల్లంతో పాటు నిన్ను కూడా కొన్లేను" అన్నాడు. అప్ప పళ్ళెం మీంచి చెయ్యి తీసింది. అంకె వెంటనే నిలిచింది. చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది.

ముసలాయన వెళ్ళాక ఆమె మణికట్టు పట్టుకున్నాను. నాడి లెక్కపెడదామనుకున్నాను గాని నా లెక్కకి అది అందలేదు. రెండు రాత్రులుగా నిద్ర లేదట, అన్నం చూస్తే వికారంగా ఉందట. కాఫీ ఎక్కువైందని మా బావ, అంటే ఆమె భర్త, అప్పటికే తేల్చేశాడు. ఎదురింటి పిన్ని దిష్టి అని ఉప్పు తిప్పి పోసింది. ఆ పూటే విజయనగరం తీసుకెళ్ళాం. దారి పొడుగునా, గజపతినగరం దాటాక కూడా, సంతరోజు కొట్టు మూయించామని ఆమె మమ్మల్ని తిడుతూనే ఉంది.

డాక్టరు మంచివాడే, తొందరలో ఉన్నాడు. గుండె పరీక్ష కాగితం చూసి, వేగం ఎక్కువుంది తప్ప వేరే తేడా ఏమీ లేదన్నాడు. ఆ తరవాత అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

"గుండె దడగా ఉంటోందా అమ్మా?"

ఆయన అడిగింది గుండె సంగతి. మా అప్పకి వినబడింది ధైర్యం సంగతి. పెళ్ళైన దగ్గర్నుంచి కొట్టు మీద కూర్చుని, అరువు బేరగాళ్ళనీ తూనికల ఇన్‌స్పెక్టర్లనీ ఒకే చూపుతో సాగనంపిన మనిషి. ఎవడో నిన్నగాక మొన్న చదువు ముగించినవాడు తన భర్త ముందూ తమ్ముడి ముందూ నీకు భయమా అని అడుగుతున్నాడు.

"నాకు దడేటండీ? నాను ఎవులికీ దడుసుకోను" అంది.

వెనక నిలబడ్డ బావ ఊరుకోలేదు. "దడ మాకుంటాది డాక్టరు గారూ, ఆవిడికి కాదు."

డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. దడ లేదని ఆయన కాగితం మీద రాసుకున్నాడు. తరవాత, మందులేమైనా వాడుతున్నారా అని అడిగాడు. ఆయాసానికి ఒక మాత్ర అని అప్ప చెప్పింది. అది అబద్ధం కాదు. ఆమె లెక్కలో ఆమె వాడుతున్నది ఒకటే. మిగతావి వాడటం లేదు. వాళ్ళూ వీళ్ళూ ఇస్తే వేసుకుంటోంది.

వాళ్ళ వీధిలో ఒక మర్యాద ఉంది. ఒకరింటి నుంచి కూర గిన్నె వస్తే దాన్ని ఖాళీగా తిప్పి పంపరు. కాస్త పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి పంపుతారు. వీధిలో అందరికీ వయసు మీదపడి, పంచదార ఎవరికీ పనికిరాకుండా పోయాక గిన్నెల్లో మాత్రలు వెళ్ళడం మొదలైంది. ఎదురింటి పిన్ని మాకు చుట్టం కాదు, వరస కలుపుకున్న పిన్ని. ఆమెకీ ఆయాసమే. వంకాయ కూర పంపితే పైన మూత మీద నాలుగు మాత్రలు కత్తిరించి పెట్టి పంపేది. అప్ప ఆ గిన్నె కడిగి తన మోకాళ్ళ మాత్రలు వేసి తిప్పి పంపేది. "నాకు పడ్డాది, నువ్వూ ఏసుకో" అనుకునేవారు. మాత్ర ఒకరికి పడిందంటే చాలు. ఎవరికి, దేనికి, ఎంత అనేవి డాక్టర్లు కాలక్షేపానికి అడిగే ప్రశ్నలు.

సాలూరులో బావ చెల్లెలుంది. వాళ్ళవి లారీలు. ఆయాసం ఆమెకి కూడా ఉంది, పైగా ఆమెకి పెద్ద డాక్టరు రాసిన మాత్ర. అవి ఉల్లిపాయల లోడుతో పాటు డ్రైవరు చొక్కా జేబులో వచ్చేవి. ఆ చలికాలం అప్పకి ఆయాసం కాస్త ఎక్కువైంది. ఇంటి డాక్టరు రాసిన తెల్లది పొద్దున్న, పిన్ని ఇచ్చిన పసుపుది మధ్యాహ్నం, సాలూరు నుంచి వచ్చిన గులాబీది పడుకోబోయే ముందు. ముగ్గురి మాటా దక్కించింది. ఆయాసం నిజంగానే తగ్గింది కూడా.

ఇవేవీ డాక్టరుకి తెలియవు, మాకూ తెలియవు. ఆయన టెన్షన్ అని తేల్చి, మనసు కుదుటపడటానికి ఒక మాత్ర రాశాడు. అప్ప అందులో రెండు పిన్ని గిన్నెలో వేసి పంపిందని తరవాత తెలిసింది. పిన్ని మనసు బాగా కుదుటపడింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం దాకా లేవలేదు.

వారం తిరక్కుండా అప్ప కొట్టులోనే కూలబడింది. వాంతులు, చేతులు పట్టి ఉంచలేనంత వణుకు. బావ కారు మాట్లాడుకుని అదే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి ఆమె ఛాతీకి తీగెలు అంటించి ఉన్నాయి. తెర మీద గీతలు ఒకదాన్నొకటి తరుముతున్నాయి. ఈసారి ఒక డాక్టరమ్మ ఉంది. మాటను బట్టి మా వైపు పిల్లే. ఆమె దడ సంగతి అడగలేదు. తెర మీద కనబడుతూనే ఉంది కదా. మందులు వాడుతున్నారా అని కూడా అడగలేదు.

"ఎవులైనా ఏటైనా ఇస్తే ఏసుకున్నావా అమ్మా?" అంది.

"ఇస్తే ఏసుకోనేటి? మొకం మీద ఒద్దంటామేటి?" అంది అప్ప.

బావ చేతిసంచీలోంచి ఆమె తమలపాకుల డబ్బా తీయించారు. అందులో ఆకులు లేవు, వక్కలు లేవు. మూడు రకాల మాత్రల అట్టముక్కలున్నాయి. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది.

"మూడూ ఒకటేనమ్మా. కంపెనీలు వేరు, పేర్లు వేరు. లోపల మందు ఒకటే."

అప్ప ఆ అట్టల వైపు చూసింది. "మరి రంగులు వేరేటి?" అంది.

కిరాణా కొట్టు నడిపే మనిషి. ఒకే పప్పుని రెండు సంచుల్లో రెండు పేర్లతో అమ్మడం ఆమె చూడనిది కాదు. మందుల విషయంలో లోకం అంతకన్నా నిజాయితీగా ఉంటుందని ఆమె నమ్మింది.

బయట వరండాలో డాక్టరమ్మ మా ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఈ మందు ఊపిరి దారిని విప్పుతుంది, మోతాదు దాటితే గుండెని పరిగెత్తిస్తుంది, ఇంకా దాటితే లయ తప్పిస్తుంది. ఇంకో రెండు రోజులు ఇలాగే వేసుకుని ఉంటే ఆవిడ మీకు దక్కేది కాదు అంది. బావ గోడకి ఆనుకున్నాడు. దడ మాకుంటాది అని తానన్న మాట నిజమవడానికి వారం పట్టింది.

మందులు ఆపారు, సెలైన్లు ఎక్కించారు. గీతలు మెల్లగా విడివడ్డాయి. అప్ప ఇంటికొచ్చి, ఇక మాత్రలు పంపొద్దని పిన్నికి చెప్పింది. పిన్ని నొచ్చుకుంది. తన మాత్ర విషమా అని వీధిలో అందరినీ అడిగింది, కూర పంపడం కూడా మానేసింది. పది రోజులు చూసి అప్పే దిగివచ్చింది. మళ్ళీ గిన్నెలు మొదలయ్యాయి, వాటి మీద పసుపు మాత్రలు మొదలయ్యాయి. అప్ప వాటిని తీసి దాచి, మరుసటి గిన్నెలో పిన్నికే తిప్పి పంపేది. పిన్ని వాటిని చూసి, నీకూ ఈ మాత్రే రాశారా, నేను చెప్పలేదూ అని సంతోషపడేది.

అప్పట్నుంచి రోజూ కొట్టు తెరిచే వేళకి, ఏడుంపావుకి, నేను ఫోను చేసేవాణ్ణి.

"దడగా ఉందా అప్పా?"

"నాకు దడేటిరా?"

అంతే మాట్లాడుకునేవాళ్ళం. వెనకాల కాటా మీద ఏదో పెట్టిన చప్పుడు వినిపించేది. ఆమె ఫోను పెట్టేసేది. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్న మారలేదు, జవాబూ మారలేదు. మొదట్లో నేను నిజంగానే అడిగేవాణ్ణి. తరవాత తరవాత ఆ జవాబు వినడానికి అడిగేవాణ్ణి.

పోయిన వానాకాలం ఆమె ఊపిరితిత్తులు ఇక మావల్ల కాదన్నాయి. గుండెకి ఏమీ కాలేదు. గుండె చాలా గట్టిదని డాక్టర్లు మెచ్చుకున్నారు కూడా. అదే ఆసుపత్రి, మూతికి ఆక్సిజన్, వేలికి క్లిప్పు. ఒక మధ్యాహ్నం బావ టీకి వెళ్ళాడు. అలవాటైన మాటే అడిగాను.

"దడగా ఉందా అప్పా?"

ఆమె మూతి మీది మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"కొంచెం ఉన్నాదిరా" అంది.

నేను తెర వైపు చూశాను. గుండె వేగం మామూలుగానే ఉంది. అంకె కదలకుండా నిలిచి ఉంది. నర్సుని పిలవలేదు. బావ వచ్చే దాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

రెండు రోజులకి ఆమె పోయింది. దినాలలో పిన్ని మాకందరికీ అన్నం వండి పంపింది. చావు జరిగిన ఇంటి నుంచి ఏమీ పంపకూడదు గనక ఆ గిన్నెలు ఖాళీగానే వెనక్కి వెళ్ళాయి.

బావ కొట్టు తెరుస్తున్నాడు, కాస్త ఆలస్యంగా. ఏడుంపావుకి నేను ఎవరికీ ఫోను చెయ్యడం లేదు.