తుడిచేముందు పిలిచి చూడమన్న సార్

పోయిన ఆదివారం పొద్దున సార్ వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, డాడీ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి మళ్ల పండుకున్నడు, ఇగ లేవలే. బాధేం పడలేదక్కా" అంది. ఏడుస్తూనే ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది. ఏడాదిగా ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన మెట్టుమెట్టుకూ ఆగి రొప్పడం చూసినదాన్ని. "హమ్మయ్య, హాయిగా పోయారు" అనుకున్నాను ముందు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. అందుకు సిగ్గుపడటం లేదు, సార్ ఉంటే ఆయనా సిగ్గుపడనిచ్చేవారు కాదు.

ఆయన పాల్వంచలో కంపెనీ కంప్యూటర్ గదిలో షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చోలేక సారపాకలో సైకిల్ షాపు పైగది కిరాయికి తీసుకుని, నాలుగు పాత కంప్యూటర్లు పెట్టి మాకు పని నేర్పారు. రోజూ బస్సులో వచ్చేవారు. డిగ్రీ అయ్యాక నేను మా అడవి ఊరు ఇప్పగుంపు నుంచి వచ్చి అక్కడ చేరాను. రంగురంగుల తెరలు, బొమ్మలు ఉంటాయని ఆశపడి వస్తే నల్లతెర, దాని మీద మిణుకుమనే గీత. మనం అక్షరాల్లో ఆజ్ఞ రాస్తే అది చేస్తుంది. ఆజ్ఞ వినేదాన్ని షెల్ అంటారన్నారు. రెండ్రోజులు నాకు ఒళ్లుమంట.

సార్ పాఠం చాయ్ బండి దగ్గర మొదలయ్యేది. "ఎప్పటిదే" అనేవారు. బండాయన చక్కెర లేని చాయ్ ఇచ్చేవాడు. నేనూ "ఎప్పటిదే" అంటే నాకు చక్కెర ఎక్కువేసి ఇచ్చేవాడు.

"సూసినవా బిడ్డా? మాటొక్కటే. దానెనక ఆయన ఏం దాసిపెట్టుకున్నడో అదొచ్చింది. షెల్ గూడ గంతే. పేరు ముంగట డాలర్ గుర్తు పెడితే పేరు తీసేసి, దానెనక నువ్వు దాసింది ఆడ పెడతది. పని మొదలుపెట్టుడు దాని తర్వాతనే."

"మరి కొత్తోళ్లొచ్చి ఎప్పటిదే అంటే?"

"ఈయనైతే మొఖం జూసి ఏంది అని అడుగుతడు. షెల్ అడగది. ఖాళీ పెట్టుకొని పోతనే ఉంటది. గందుకే భయముండాలె."

ఇంకో మాట మా ఇప్పపువ్వుతో చెప్పారు. దాచిన మాటలో మధ్య ఖాళీ ఉంటే షెల్ దాన్ని రెండు మాటలుగా విడగొట్టేస్తుంది. "గంపకు గుడ్డ కట్టకుండ బస్సెక్కిస్తే పువ్వు దారంత రాలదా? డాలర్ పేరుకు అటిటు కోట్స్ పెట్టుడంటే గుడ్డ కట్టుడే." నేను బుద్ధిగా తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్లు ఆ గదిలో లేరు.

నిరుడు వానాకాలం పోడు భూముల పట్టాల దరఖాస్తులు మా గదికి వచ్చాయి. ఊరికొక ఫోల్డర్ చేసి కాగితాలన్నీ స్కాన్ చేయాలి. మా ఊరివి అందరికంటే ముందు నేనే చేశాను. వాపసు తీసుకెళ్లేటప్పుడు మావాళ్లు వాగు దాటుతుంటే సంచీ నీళ్లలో పడి అసలు కాగితాలు ముద్దయ్యాయి. ఊరంతటికీ మిగిలినవి కంప్యూటర్లోని బొమ్మలే. మా నాయన దున్నుకునే చెలక హద్దుల గీత కూడా అందులోనే ఉంది.

మా వైపు ఊరు పెరిగితే కొన్ని ఇళ్లవాళ్లు కాస్త దూరం వెళ్లి గుంపు కట్టుకుంటారు. పాత పేరు మాత్రం వదలరు. అలా వెళ్లినవాళ్ల ఊరు రిజిస్టర్లో "ఇప్పగుంపు కొత్త". వాళ్ల కాగితాలు మసకగా వచ్చాయి, తీసేసి మళ్లీ చేయమన్నారు సార్. మధ్యాహ్నం ఆయన కింద సైకిల్ షాపాయనతో మాట్లాడుతూ అన్నం తింటున్నారు. నేను ooru అనే పేరు వెనక "Ippagumpu Kotta" అని దాచి, దాన్ని తుడిచేయమని rm -r $ooru అని కొట్టాను. కోట్స్ పెట్టలేదు. 'Kotta' దొరకలేదని తెరమీద ఒక వరుస వచ్చింది. దొరక్కపోవడమేంటని ఫోల్డర్లు చూస్తే కొత్త గుంపు చెక్కుచెదరకుండా ఉంది. మా ఇప్పగుంపు లేదు.

నాయనకు ఏం చెప్పాలి? నలుగురూ నా మొహం ఎలా చూస్తారు? మెట్ల మీద సార్ చెప్పుల చప్పుడు వినగానే నా నోటికి అబద్ధం దొరికింది.

"కరెంటు పోయొచ్చింది సార్. మా ఊరు కనిపిస్తలేదు."

సార్ పైకి చూశారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తెర చూశారు. నేను కొట్టింది అక్కడే ఉంది, కరెంటు పోయుంటే అది ఉండేది కాదు. ఆయన తిట్టలేదు. కుర్చీ లాక్కుని, "ls $ooru కొట్టు" అన్నారు. ls అంటే ఫలానాది ఉంటే చూపించమని అడగడం, అంతే. కొట్టాను. Ippagumpu లేదని ఒక వరుస, Kotta లేదని ఇంకో వరుస.

"పిలిచింది ఒక్క ఊరిని. లేమని ఇద్దరు జెప్పిన్రు. ఎందుకు?"

అప్పుడు వెలిగింది. ఏడుపు ఆగలేదు. "కరెంటు పోలేదు సార్. నేనే తుడిచిన. గుడ్డ కట్టలే."

"అవ్. గా మాట జెప్పినవ్ గద, ఇగ ఏడ్వకు" అని ఆయన కీబోర్డు తనవైపు తిప్పుకున్నారు. నేనెప్పుడూ చూడని ఒక ఫోల్డర్ తెరిచారు. దాని పేరు ataka. ఇంట్లో పాత సామాను పడేసే అటకే. అందులో మా ఇప్పగుంపు ఉంది, ఇంటింటి కాగితంతో సహా. ఎవరైనా తుడవమంటే నిజంగా తుడవకుండా తెచ్చి అటక మీద పెట్టేలా, rm అనే పేరుతోనే ఆయన ఓ చిన్న ప్రోగ్రాం రాసి, అసలుదాని కంటే ముందు దొరికేటట్టు పెట్టారట. నేను ఆయన కాళ్ల మీద పడబోతే కుర్చీ వెనక్కి జరిపేశారు.

"మాకెందుకు చెప్పలేదు సార్?"

"జెప్తే మీకు భయం పోతది. నేను ఉద్యోగంల చేరిన కొత్తల గిట్లనే ఖాళీ పేరుతోటి పక్క సీటాయన పనంత తుడిచిన. మిషన్ పాడైందన్న. ఆయన దినాం వచ్చి రాత్రిదాక కూసొని మళ్ల రాసుకున్నడు. ఆయనకు నిజం జెప్పనీకి నాకు నాలుగేండ్లు పట్టింది. నీకు పావుగంట గూడ పట్టలే." కీబోర్డు నావైపు తిప్పి మళ్లీ అన్నారు. "తుడిచేముందు పిలిచి సూడు బిడ్డా. ఎవరు పలికిన్రో సూసినంకనే చెయ్యి."

ఆ రోజు నుంచి rm కొట్టేముందు అదే పేరుతో ls కొట్టని రోజు లేదు. కోట్స్ సంగతి సరేసరి, చీటీ మీద కూరగాయలు రాసుకున్నా అటిటు పెట్టేస్తున్నాను. మా చెల్లి నవ్వుతుంది, నవ్వనీ.

మొన్న ఎండలు ముదరకముందు పట్టాలు పంచారు. మా నాయన పట్టా జిరాక్సు పట్టుకుని పాల్వంచలో సార్ ఇంటికి వెళ్లాను. అప్పటికే మంచం మీద ఉన్నారు. కళ్లజోడు అడిగి తెప్పించుకుని, ఊరి పేరు దగ్గర వేలు పెట్టి చదివారు.

"పిలిసిన్రా?" అన్నారు. ఆయాసంతో మాట సగమే వస్తోంది.

పిలిచారని చెప్పాను. మైకులో ముందు "ఇప్పగుంపు" అన్నారు, మా నాయన, మా చిన్నాయన, మా వాళ్లంతా లేచారు. వాళ్లు కూర్చున్నాక "ఇప్పగుంపు కొత్త" అన్నారు, అవతలి వరుసలో వాళ్లు లేచారు. కలగాపులగం కాలేదు, ఎవరి ఊరికి వాళ్లే లేచారు.

"అందరు పలికిన్రా?"

"అందరు పలికిన్రు సార్."

సార్ కళ్లజోడు తీసి గుండెల మీద పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని, ఆజ్ఞ రాయడం అయిపోయాక ఎంటర్ కొట్టినట్టు, మంచం పట్టె మీద వేలితో ఒక్కసారి తట్టారు.