కుర్చీ కిర్రుమన్న తర్వాత

మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తారు, ఇంటిపేరు పెట్టి పిలుస్తారు, చేసే పని పెట్టి పిలుస్తారు. ఒక కుర్చీ చేసిన చప్పుడు పెట్టి పిలిపించుకున్న ఘనుడు మాత్రం నాకు తెలిసి ఈయనొక్కడే. ఆయన పనిచేసిన షాపులోనే కాదు, ఆ వీధి వీధంతా ఆయన్ని కిర్రాయన అనే అంటుంది. పాపం, ఆ చప్పుడు ఆయన కుర్చీది కూడా కాదు.

ఆయన పాటల పెట్టెలు అమ్మే షాపులో పనిచేసేవాడు. పనల్లా ఒక్కటే. వచ్చిన కస్టమర్ని సోఫాలో కూర్చోబెట్టి, రెండు పెద్ద స్పీకర్ల మధ్యకి సరిగ్గా జరిపి, ఒక జాజ్ రికార్డు పెట్టి, ముల్లు దించి, పక్కన నిలబడటం. ఆ రికార్డు ఆషామాషీది కాదు. రికార్డింగంటే అదీ అని తెలిసినవాళ్లు చెప్పుకునే రికార్డు. కళ్లు మూసుకుంటే వాయించే నలుగురూ వచ్చి మన ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఎడమ పక్క డ్రమ్ము మీద బ్రష్షు గచ్చు ఊడ్చినట్టు మెత్తగా తిరుగుతుంది. మధ్యలో శాక్సఫోనాయన ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. అప్పుడు కిర్రాయన వేలెత్తి, "ఇప్పుడు కుడి పక్క వినండి సార్" అనేవాడు. కుడి పక్కన పియానో వాయించేవాడు కుర్చీలో కాస్త సర్దుకుంటాడు. కిర్రు!

"అబ్బ! కుర్చీ కూడా వినిపిస్తోందండీ!" అని కస్టమరు మొహం చాటంత అయ్యేది. అంతే, కిర్రాయన చెయ్యి వెళ్లి ముల్లు ఎత్తేది, బిల్లు పుస్తకం తెరుచుకునేది.

ఆ పైన ఒక్క ముక్క వినిపించకూడదని ఓనరు ఆర్డరు. "పాట రుచి మరిగారంటే సోఫాలోనే పాతుకుపోతారయ్యా, పెట్టె కొనరు" అనేవాడు. అనుభవం మీద చెప్పిన మాట, కాదనడానికి లేదు. దాంతో ఆ రికార్డు అంచంతా అరిగి బూడిదరంగు తేలేది, లోపలి భాగం మాత్రం కొత్త బూటులా మెరుస్తూ ఉండేది. అరిగింది తీసేసి అదే పాట కొత్తది తెప్పించేవాళ్లు. దాని అంచూ అరిగేది, లోపల మళ్లీ మెరిసేది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా కిర్రాయన ఆ పాట మొదలు మాత్రమే విన్నాడు. కిర్రు తర్వాత ఏముందో ఆయనకి తెలీదు. చెప్పుకుంటే నవ్విపోతారు గానీ, ఇది నిజం.

ఇది చూసి ఎదురు షాపువాడు ఊరుకుంటాడా? గ్లాసు టింగుమనే జాజ్ రికార్డు ఒకటి ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. వీధి రెండు పార్టీలైపోయింది, కుర్చీవాళ్లు, గ్లాసువాళ్లు. సంగీతం పార్టీ అని ఒకటి ఉండొచ్చని ఎవడికీ తట్టలేదు.

ఒకసారి ఒక పళ్ల డాక్టరు స్పీకర్లు కొని, మర్నాడే ఫోను చేసి గోల పెట్టాడు. షాపులో వినిపించిన కుర్చీ ఇంట్లో వినిపించడం లేదట, మోసమట. కిర్రాయన ఆయనింటికి వెళ్లాడు, స్పీకర్లు అటు జరిపి ఇటు జరిపాడు, కర్టెన్లు మూసి తెరిచాడు. ఊహూఁ. చివరికి ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర ఉన్న పాత కుర్చీ ఒకటి తెచ్చుకుని కుడి స్పీకరు వెనక కూర్చున్నాడు. సమయానికి ఇలా కదిలాడు. "ఆఁ! అదీ! ఇంత క్లియర్‌గా షాపులో కూడా రాలేదు!" అని డాక్టరు లేచి కౌగిలించుకున్నాడు. పాటలో కుర్చీ వినాలనిపించినప్పుడల్లా భార్యని ఆ కుర్చీలో కూర్చోమంటున్నట్టు తర్వాత తెలిసింది.

సరే, షాపులో ఎలా ఏడ్చినా ఫరవాలేదు. ఆ రోగం ఇంటికొచ్చింది, అదీ బాధ. కిర్రాయన ఎవరేం చెప్పినా కిర్రుకి పట్టేంత సేపే వినేవాడు. ఆ తర్వాత చెయ్యి పైకి లేచేది, "చాలు, క్లియర్‌గా ఉంది" అనేవాడు. అన్నం తినేటప్పుడు అంతే, ఆస్పత్రిలో డాక్టరు చెబుతున్నా అంతే. పెళ్లి సంబంధం గురించి ఇంట్లో పెద్దలు కూర్చోబెట్టి చెబుతుంటే కూడా అంతేనట. "చాలు, క్లియర్‌గా ఉంది, చేసుకుంటా" అన్నాడు. ఆ సంబంధం ఎవరు తెచ్చారు, ఎలా వచ్చింది అన్నది వినిపించుకుంటే కదా! కూతురు చిన్నప్పుడు బడిలో స్టేజీ మీద పాడుతుంటే, మొదటి వరసలో లేచి నిలబడి, చెయ్యెత్తి, "చాలు తల్లీ, క్లియర్‌గా ఉంది" అన్నాడు. పిల్ల అక్కడే భోరుమంది. ఆ మాట మీద ఆ పిల్లకి ఇప్పటికీ కోపమే.

అందరికంటే ఎక్కువ పడింది భార్య. ఆవిడ దగ్గర ఒక కథ ఉంది. "మా చిన్నాన్న లేడూ, ఒకసారి గొడుగు కొనడానికి బయల్దేరాడు..." అని మొదలుపెట్టేది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టింది. తర్వాత అప్పుడప్పుడూ మొదలుపెడుతూనే ఉంది. చిన్నాన్న చెప్పులు వేసుకుని గుమ్మం దాటేసరికి కిర్రాయన చెయ్యి లేచేది. ఆ కథ కూతురికి తెలుసు, పక్కింటివాళ్లకి తెలుసు, పాలు పోసేవాడికి కూడా తెలుసు. మొగుడికి మాత్రం చిన్నాన్న ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదడం నయం, వాడు కనీసం మొహం చూస్తాడు" అని ఆవిడ చెప్పడం మానేసింది. మానేసిందన్న సంగతి కూడా ఆయన గమనించలేదు, అదింకా ఘోరం.

రిటైరైన రోజు ఓనరు ఆ రికార్డూ, ఒక ప్లేయరూ, ఒక జత స్పీకర్లూ చేతిలో పెట్టి, "ఇకనైనా పూర్తిగా వినవయ్యా" అన్నాడు. కిర్రాయనకి ఇన్నాళ్లూ గడప దగ్గరే నిలబడ్డ ఇంట్లోకి రమ్మని ఎవరో పిలిచినట్టయింది. ఆ పాట చివరిదాకా వినాలి. వినకుండా పోతే ఈ బతుకంతా ఒక కుర్చీ కోసం బతికినట్టే కదా అని నిజంగానే భయపడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో అన్నీ అమర్చుకుని ముల్లు దించాడు. అరిగిన అంచు చిటపటలాడింది, బ్రష్షు వచ్చింది, ఊపిరి వచ్చింది, కిర్రు వచ్చింది. చెయ్యి లేచి ముల్లు ఎత్తేసింది.

"అరె! నేనెత్తలేదే!" అన్నాడు.

మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎత్తేసింది. చెయ్యి మీద కూర్చున్నాడు. ఈసారి చెయ్యి కదల్లేదు గానీ నోరు ఊరుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగి, "బిల్లు రాసేయమంటారా మేడమ్?" అన్నాడు. ఆ అనడంలో లేచాడు, లేవడంతో చెయ్యి బయటపడింది, ముల్లు ఎత్తేసింది.

చూడ్డానికి వచ్చిన కూతురు, "ఉండు నాన్నా, నీ పని చెబుతా" అని తన చున్నీతో ఆయన రెండు చేతులూ కుర్చీకి కట్టేసింది. పాత కసి కూడా కొంచెం ఉన్నట్టుంది, ముడి గట్టిగానే వేసింది. కిర్రు రాగానే కిర్రాయన కుర్చీతో సహా లేచి, ప్లేయరు దాకా గెంతుకుంటూ వెళ్లి, ముక్కుతో ముల్లు ఎత్తాడు. ఆ గెంతడంలో కింద కుర్చీ కిర్రుమంది. "విన్నావా, ఎంత క్లియర్‌గా వచ్చిందో!" అన్నాడు ఆనందంగా. కూతురు నెత్తి కొట్టుకుని ముడి విప్పింది.

అప్పుడు మాత్రం కిర్రాయన కుర్చీలో కూలబడి, "నా వల్ల కాదే" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా చెయ్యే నా మాట వినడం లేదు."

"అది మీ పోలికే లెండి" అంది భార్య. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "పెట్టమ్మా" అని కూతురికి చెప్పింది.

కిర్రు వచ్చింది. ఆయన చేతులు బుట్టలో చేపల్లా ఎగిరిపడ్డాయి. ఆవిడ వదల్లేదు. చిటపటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. లోపలి భాగం కదా, ఎవరూ తొక్కని దారి. శాక్సఫోను ఎటో వెళ్లింది. ఎటు వెళుతోందో తెలీక కిర్రాయనకి చెమటలు పట్టాయి.

"ఇంకా ఉందా?" అన్నాడు గాభరాగా.

"ఉండదా మరి? నోరు మూసుకుని వినండి."

విన్నాడు. కుడి పక్కన, పియానో వెనకాల, ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నారు. ఆ కుర్చీలో మనిషి! వాయిస్తూ తనలో తను పాడుకుంటున్నాడు. ఇన్నేళ్లూ ఆ కుర్చీని అమ్ముకు తిన్నాడు గానీ, అందులో ఒక మనిషి కూర్చున్నాడని కిర్రాయనకి తట్టనే లేదు. సిగ్గేసింది. సంతోషమూ వేసింది. పాట అయ్యేదాకా ఆయన చేతులు ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి, ఎప్పుడు ఎగరడం మానేశాయో ఇద్దరికీ తెలీలేదు.

పాట అయిపోయింది. ముల్లు చివరి గీతలో గుండ్రంగా తిరుగుతోంది. లేవబోతే ఆవిడ చేతులు వదల్లేదు.

"అయిపోయింది కదే" అన్నాడు.

"వాళ్లది అయింది. ఇక నాది. మా చిన్నాన్న లేడూ, ఒకసారి గొడుగు కొనడానికి బయల్దేరాడు. గుమ్మం దాటాడు." ఆవిడ ఆగి ఆయన మొహంలోకి చూసింది. ఆయన చెయ్యి ఒక్కసారి ఉలిక్కిపడింది. ఆవిడ గట్టిగా నొక్కి పట్టుకుంది. "వీధి చివరికెళ్లేసరికి కుండపోతగా వాన. గొడుగుల కొట్టేమో మూసేశారు. తడిసి ముద్దయిపోయి, పక్కనే పాటల పెట్టెల షాపుంటే అందులో దూరాడు. చిన్నాన్న మొహం చూస్తేనే కొనే రకం కాదని తెలిసిపోతుంది. ఐనా అక్కడ డెమో ఇచ్చే కుర్రాడొకడు తువ్వాలిచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. వాన తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడట. చిన్నాన్న గొడుగు లేకుండా ఇంటికొచ్చి, మా నాన్నతో 'అన్నయ్యా, మన పిల్లకి...' అని మొదలుపెట్టాడు."

ముల్లు తిరుగుతూనే ఉంది, ఎత్తాలని ఆయనకి గుర్తే లేదు.

"ఎవరే ఆ కుర్రాడు?" అన్నాడు.

"చెబుతున్నాగా. అక్కడికే వస్తున్నా, వినండి" అంది ఆవిడ.