మా అడ్రసు నుంచి మా అడ్రసుకే

2023 జూన్ 5, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నేను ఆ రూలు రాశాను. మార్కాపురంలోని ఒక పలకల ఎగుమతి ఆఫీసులో ఉత్తరాల గుమాస్తాగా అప్పటికి ముప్పై నాలుగేళ్లు పూర్తయ్యాయి. టైపు మిషనుతో మొదలుపెట్టి మెయిల్ దాకా వచ్చాను. చెవులు సరిగా వినపడవు కనుక ఫోనులో మాట్లాడటం నాకు కుదరదు. దూరంగా ఉన్న మనిషితో ఏ మాటైనా రాసే చెప్పాలి, చదివే తెలుసుకోవాలి.

మా సంస్థకు ఒకటే మెయిల్ అడ్రసు. ఆఫీసు కంప్యూటరులో, యజమాని ఫోనులో, తర్లుపాడు షెడ్డులో ఉన్న ఫోనులో అదే. ఒకరు పంపింది మిగతావాళ్లకు తెలియాలని, పంపిన ప్రతి ఉత్తరం నకలు తిరిగి మా ఇన్‌బాక్సుకే వచ్చేలా పెట్టుకున్నాం. దానికి తోడు బ్రోకర్లు ఫార్వర్డ్ చేసే దేవుడి బొమ్మలు, శుభోదయాలు. ఆ ఉదయం యజమాని నా బల్ల మీదికి వంగి గట్టిగా అడిగాడు.

“ఏంది పెద్దమ్మా ఇది? ఏజెంటు ఉత్తరం కోసం వెతికితే హనుమంతుడు నాలుగుసార్లు కనపడినాడు.”

“కనపడితే మంచిదేగా నాయనా.”

“మంచిదే. ఏజెంటు గూడా ఒకసారి కనపడితే ఇంకా మంచిది.”

అందుకే ఫిల్టర్ రూళ్లు రాశాను. ఫలానా రకం ఉత్తరం వస్తే ఫలానా చోట పెట్టమని మెయిల్‌కు ముందే చెప్పి ఉంచడమే ఫిల్టర్ రూలు. రూళ్లు పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి. నా మొదటి రూలు ఇది: పంపిన అడ్రసు మాదే అయితే దాన్ని ‘పంపినవి’ ఫోల్డరులో వేసి, చదివినట్టు గుర్తు పెట్టి, అక్కడితో ఆగిపో. రెండోది: ఫార్వర్డ్ అయి వచ్చిందైతే ‘ఫార్వర్డులు’ ఫోల్డరులో వేసి, అక్కడితో ఆగిపో. ఆ ఫోల్డరును ప్రతి శుక్రవారం నేను తిరగేస్తాను. మేం పంపిన ఉత్తరాలను మళ్లీ మేమే చదవాల్సిన పనేముంది అనుకున్నాను. ఆరు ఉత్తరాలతో పరీక్షించాను. ఆరూ వెళ్లాల్సిన చోటికే వెళ్లాయి.

తర్లుపాడు షెడ్డు చూసుకునే లక్ష్మి గురించి ఇక్కడ చెప్పాలి. నాకంటే నాలుగేళ్లు చిన్నది, నాలాగే ఒంటరి మనిషి, ఉండేది కూడా ఆ షెడ్డులోనే. ప్రతి శనివారం, ఆ వారం కట్టిన పలకల పెట్టెల లెక్క ఆఫీసు అడ్రసు నుంచి ఆఫీసు అడ్రసుకే పంపేది. కొత్త ఉత్తరం మొదలుపెట్టడం ఆమెకు తంటాగా ఉంటే, పోయిన వారం ఉత్తరాన్నే ఫార్వర్డ్ చేసి పైన కొత్త లెక్క రాయమని నేర్పింది నేనే. లెక్క కింద నా కోసం రెండు మూడు మాటలు ఉండేవి.

షెడ్డు మూసేస్తారని తెలిశాక, మే 27న ఆమె ఆఫీసుకు వచ్చింది. మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమన్నాను.

“నీతోనా? ఉప్పు గూడా కొలిచి వేస్తావంట!”

“నీకు కొలవనులే.”

నవ్వింది. నా చెవి దగ్గరికి వచ్చి, “ఆలోచించుకొని రాస్తాలే అక్కా” అంది.

జూన్ 3 లెక్క కింద “ఇంకా ఆలోచిస్తున్నా” అని రాసింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. అప్పుడే లారీతోపాటు లెక్క చీటీ కూడా పంపడం మొదలైంది కనుక, చీటీ చాలని మెయిల్ మానేసిందనుకున్నాను. రానని చెప్పడానికి మొహమాటపడుతోందని కూడా అనుకున్నాను. రెండోసారి అడిగితే బలవంతం చేసినట్టవుతుందని ఊరుకున్నాను. అయినా గదికి సున్నం వేయించాను. మంచానికి కొత్త నవారు అల్లించాను. ఆగస్టు 20న షెడ్డు మూసేశారు, లక్ష్మి రాలేదు.

ఆగస్టు 28న, ఏజెంటుకు మేం రాసిన ఒక ఉత్తరం కావాలని యజమాని అడిగితే ‘పంపినవి’ ఫోల్డరు తెరిచాను. మా అడ్రసు నుంచి మా అడ్రసుకే వచ్చిన ఉత్తరాలు అందులో పదకొండు ఉన్నాయి. చివరిదాన్ని తెరిచాను. ఫార్వర్డ్ మీద ఫార్వర్డ్ కనుక మిగిలిన పదీ దాని కిందే ఉన్నాయి. నేను చివరి నుంచి మొదటికి చదివాను.

“పెట్టెలు 9. రేపు తాళం, ఫోను ఇచ్చేస్తా. పొదిలిలో చెల్లెలి కాడికి పోతా. కోపమేం లేదక్కా.”

“పెట్టెలు 14. ఇష్టం లేకుంటే లేదని రాయి. బాధపడను.”

“పెట్టెలు 38. నాకో పిల్లి ఉంది. దాన్ని తెచ్చుకోవచ్చా?”

అట్టడుగున జూన్ 10. “పెట్టెలు 46. వస్తా అక్కా. ఆ గదికి కిటికీ ఏ పక్క? పొద్దుటెండ వస్తాదా?”

మర్నాడు సెలవు పెట్టి పొదిలి బస్సెక్కాను. లక్ష్మి చెల్లెలి ఇంటి ముందు ఉల్లిగడ్డలు ఏరుతూ కనిపించింది.

“దారి ఇప్పటికి తెలిసిందా నీకు?” అంది, నాకు వినపడేంత గట్టిగా.

జరిగింది చెప్పాను. ఆమె చేతిలో గడ్డను కింద పెట్టింది.

“ముందంతా నువ్వు తెరిచినాకనే మెయిల్లో లావు అక్షరాలు పల్చబడేటివి. అట్ల పల్చబడితే అక్క చదివిందని తెలిసేది. ఈ పదకొండూ పంపంగానే పల్చబడినాయి. చదివి గూడా పలకలేదు, నన్ను వద్దనుకుందిలే అనుకున్నా.”

“చదివింది నేను కాదు లక్ష్మీ, రూలు.”

“ఆ రూలు ఎవురు రాసినారు?”

“నేనే.”

“మరింకేం!” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడైనా రమ్మన్నాను. ఆమె వచ్చిన మూడో రోజే చెల్లెలు జారిపడి తుంటి విరిగిందట. “అది లేచి తిరిగేదాకా ఏడికీ పోనని మాటిచ్చినా. లేస్తాదో లేదో గూడా తెలియదు” అంది. బస్సు దాకా వచ్చి, నేను ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇంతకీ కిటికీ ఏ పక్క?”

“తూర్పు.”

“నేననుకుంటానే ఉన్నా.”

ఆ రెండు రూళ్లలో ఫార్వర్డులది పైన పెట్టి ఉంటే, జూన్ 10 ఉత్తరం ఆ తర్వాతి శుక్రవారమే నా కంట పడేది. వరుస తప్పు. అంతకంటే పెద్ద తప్పు, నేను చదవనిదాన్ని చదివినట్టు చూపించే పని రూలుకు అప్పగించడం. ఇప్పుడు నా రూళ్లలో ఒక్కటి కూడా ఆ గుర్తు పెట్టదు. ఈ పని నేర్చుకునేవాళ్లకు ఒకటే చెబుతాను: పరీక్షకు మీ ఉత్తరాలు చాలవు. అందరికంటే వేరుగా రాసే మనిషి ఎవరో గుర్తు చేసుకుని, ఆ మనిషి ఉత్తరంతో పరీక్షించండి.

పోయినవి: రోజులు ఎనభై నాలుగు. ఉత్తరాలు పదకొండు. వాటిలో నన్ను అడిగిన ప్రశ్నలు పద్నాలుగు. వేళకు చెప్పిన జవాబులు లేవు. తూర్పు కిటికీ ఉన్న గది ఒకటి, ఖాళీగా ఉంది.