రెడీగా పెట్టిన విమానం

చంద్రయ్య పదిహేడేళ్లు మగ్గులకూ బకెట్లకూ డైలు చేశాడు. డై అంటే ప్లాస్టిక్ కరిగించి పోసే ఇనుప అచ్చు. నాచారంలోని మా ఫ్యాక్టరీ పేరు ప్రతి మగ్గు అడుగునా ఇంగ్లీషులో ఉండేది. దాన్ని డై మీద తిరగేసి చెక్కింది ఆయనే. ఇంగ్లీషు చదవడం మాత్రం ఆయనకు రాదు.

ఎనభై ఎనిమిది వేసవిలో యజమాని గంగాధరరావు సింగపూర్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. మూత మీద మిరాజ్ యుద్ధవిమానం బొమ్మ. లోపల బూడిదరంగు చట్రాలకు అంటుకుని డెబ్భై చిల్లర ప్లాస్టిక్ ముక్కలు, వాటిని ఎలా కలపాలో చెప్పే ఇంగ్లీషు కాగితం.

"ఇలాంటిది మనమూ దించుదామయ్యా. నేను బొంబాయి వెళ్లొచ్చేసరికి మోడల్ రెడీగా పెట్టు," అని చంద్రయ్య చేతికిచ్చి వెళ్లిపోయాడు.

చంద్రయ్య ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నేను ప్యాకింగ్‌లో పనిచేసేవాణ్ని. పొట్లాల కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ని.

"మగ్గుల పీడ వోయింది తమ్మీ. ఈ డై నాది. జర గీ కాగితం సదువు."

"పద్నాలుగో ముక్కను పదిహేనో ముక్కకు సిమెంట్ చెయ్యమంటున్నడు అన్నా."

"ఇమానానికి సిమెంటేందిర? ఇసుక గూడ కావాల్నంటనా?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. సిమెంటంటే జిగురని తర్వాత అర్థమైంది.

ముందు ప్రతి ముక్కనూ వెర్నియర్ కొలబద్దతో కొలిచి నోటుబుక్కులో గీసుకున్నాడు. తర్వాత వరసగా మూడు ఆదివారాలు చిల్కానగర్‌లోని తన ఒంటిగది గడపలో కూర్చుని విమానాన్ని కట్టాడు. జోడు కుదురుతుందో లేదో చూడకుండా డై చెయ్యకూడదన్నది ఆయన పద్ధతి. ప్లాస్టిక్ నేమ్‌బోర్డులు అతికించేవాళ్ల దగ్గర క్లోరోఫాం తెచ్చి సూదిమొనతో అతుకుల్లో పట్టించాడు. దాని ఆవిరి తగిలితే పైలట్ కూర్చునే చోటి అద్దం మసకబారుతుందని తనే కనిపెట్టి, అక్కడ మాత్రం ఫెవికాల్ వాడాడు. రెక్కలు వెనక్కి ఉన్నాయి, తోక మీద కూలబడుతుందని ముక్కులో బరువుకు నాలుగు బేరింగ్ గుండ్లు పెట్టాడు. అది కాగితంలో లేదు.

"పెండ్లాం ముక్కుపుల్ల ఇరిగి ఆర్నెల్లాయె," అంది ఆయన భార్య సారలమ్మ, బియ్యం చెరుగుతూ. "గది అతికియ్యనీకి తీరది. ఇమానం అతికిస్తడంట!"

"నీ ముక్కు యాడికి వోతది గని, గాలి రానియ్యకు. ముక్కలు ఎగుర్తయ్."

అతుకు ఎక్కడుందో గోటికి కూడా తగల్లేదు. చంద్రయ్య మొహంలో అంత వెలుగు అంతకు ముందు నేను చూడలేదు.

గంగాధరరావు వచ్చాడు. బల్ల మీద మూడు చక్రాల మీద నిలబడ్డ విమానాన్ని చూసి నిర్ఘాంతపోయాడు.

"అతికించేశావా? నిన్నెవరు అతికించమన్నారు? బొంబాయిలో కాపీ మిషన్ ఉంది. ముక్కలు పంపితే చూసి డై చెక్కుతుంది. రెడీగా పెట్టమంటే, పంపడానికి సర్ది పెట్టమని!"

"కొలతలన్నీ రాసిన సార్. ఒక్క పాయింట్ తప్పలే. డై నేను జేస్త." నోటుబుక్కు ముందుకు చాపాడు.

గంగాధరరావు అది తెరవను కూడా లేదు. "నువ్వా? మగ్గుల సంగతి చూడవయ్యా. దీన్ని తీసుకెళ్లి గ్రైండర్లో వెయ్యి."

చెత్త ప్లాస్టిక్‌ను మళ్లీ కరిగించడానికి ముక్కలు చేసే మిషను అది.

"మన ప్లాస్టిక్ మాల్‌ల గిది కలవది సార్," అన్నాడు చంద్రయ్య మెల్లగా. "బకెట్లు పలుగుతయ్."

అందుకని విమానం గంగాధరరావు ఆఫీసు అలమారా ఎక్కింది. వచ్చినవాళ్లకు "మా ఫ్యాక్టరీలోనే చేశాం" అని చూపించేవాడు.

ఆ కాగితం చదివి పెట్టినవాణ్ని నేనే. నా ఒళ్లు మండిపోయింది. పని మానెయ్యమన్నాను.

"మానేసి యాడ జేస్త తమ్మీ? మిషన్లు గాళ్లయి."

ఆగస్టులో అలాంటిదే రెండో పెట్టె వచ్చింది. బొంబాయికి పంపాలి. సర్దడం నా పని. కానీ చంద్రయ్య అడక్కుండానే వచ్చి కింద కూర్చున్నాడు. ఒక్కో చట్రాన్నీ వెలుతురుకు ఎత్తి చూసి, పాత పేపర్లో చుట్టి, సన్నటి కొసలు విరగకుండా వాటి చుట్టూ దూది కుక్కాడు. అద్దం ముక్కను తన చేతిరుమాల్లో విడిగా కట్టాడు. చెక్కపెట్టె మూత పెట్టి, లోపల ఏదీ కదలడం లేదని కాస్త కదిపి చెవి ఆనించి చూసుకున్నాక, మేకుల కోసం నా వైపు చెయ్యి చాపాడు.