జ్వరం లేని రోజున

మా మనుమరాలికి చలిజ్వరం పత్తి ఏరే కాలంలో పట్టుకుంది. పొద్దు తిరిగేసరికి పిల్ల గజగజ వణికేది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగేది కాదు. తర్వాత ఒళ్లు పెనంలా కాలి, చీకటి పడేవేళకు చెమట పట్టి దిగేది. తెల్లారి లేచి జొన్నరొట్టె అడిగేది.

మొదటిసారి నేను నేలవేము కషాయం కాచి పోశాను. మర్నాడు పిల్ల వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడింది. లక్సెట్టిపేట ఆసుపత్రికి పోదామన్న కోడలి మీద గయ్యిమన్నాను, ఆటో కిరాయి దండుగని. ఆ మర్నాడు మళ్లీ వణుకు. నాతో చెప్పకుండా కోడలు ఊళ్లో ఆరెంపీ డాక్టరు దగ్గర సూది వేయించింది. తెల్లారి జ్వరం లేదు. సూది పనిచేసిందని మురిసింది. ఆ మర్నాడు జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి నేను దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చాను. తెల్లారి మళ్లీ బాగుంది. ఎవరి మందు వాళ్లకు పనిచేస్తున్నట్టే ఉంది. పిల్ల మాత్రం చిక్కి సగమైంది, పెదవులు తెల్లబడ్డాయి. నాకేమీ పాలుపోలేదు.

ఆ రోజే, ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు చూసే ఆశ వర్కరు వచ్చి పిల్ల వేలు పట్టుకుంది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఆడుకునే పోరికి నెత్తురెందుకు తీస్తవ్? జరమొచ్చిన్నాడు రా."

"జరమొచ్చిన్నాడు మీరు ఆరెంపీ కాడుంటిరి పెద్దమ్మా. నాకెప్పుడు దొరికిన్రు?"

"తాయెత్తు కట్టినం. తగ్గింది."

కోడలు నా వైపు తిరిగింది. "మొన్న కషాయంతోని తగ్గిందంటివి. ఇయ్యాల తాయెత్తంటున్నవ్. రేపేమంటవ్ అత్తా?" అని తనే పిల్ల చెయ్యి చాపింది.

నెత్తురు చుక్క వేసిన పరీక్ష పట్టీ మీద కాసేపటికి రెండో గీత తేలింది. మలేరియానే అన్నదామె.

"మరి నిన్న దేంతోని దిగింది?" అని అడిగాను.

"దేంతోని దిగలే. దినం తప్పి దినం వచ్చుడే దాని పని. మీరేం జెయ్యకున్నా దిగుతది, మల్ల వస్తది. గీ గోలీలు జరం లేకున్నా ఆపొద్దు."

సగమే అర్థమైంది. ఏమీ చేయకున్నా దిగేదైతే, చిన్నప్పుడు మా అవ్వ నాకు పోసిన కషాయం కూడా ఉత్తదేనా? పిల్ల గంతులేస్తుంటే ఆ రోగం ఎక్కడ కూర్చున్నట్టు?

మర్నాడు వణుకు వచ్చింది కానీ కొంచెమే. తర్వాతి వంతుకు రాలేదు. పొద్దు తిరిగేదాకా పిల్ల ఒంటి మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను. చల్లగానే ఉంది.

"మంచిగైంది గదా, మిగిలిన గోలీలు దాచిపెట్టు. వానకాలం అక్కరకొస్తయ్" అన్నాను.

"నువ్వు మంచిగైందన్నప్పుడల్లా మల్ల వచ్చింది అత్తా" అంటూ కోడలు గోలీ తీసింది.

కాదనడానికి నోరు తెరిచాను. నిజంగా తగ్గిందో, మళ్లీ దాక్కుందో నాకెట్లా తెలుస్తుంది? పిల్ల చేదని మూతి తిప్పుకుంటే, దవడ పట్టుకుని నేనే నీళ్లు తాగించాను.