అయిదింటికి తీస్తరు

సోమనర్సయ్య గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఆయన గురించి రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు, రాయకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు.

నా పేరు లీలావతి. ఉండేది స్టేషన్ ఘన్‌పూర్‌లో, తెలుగు చెప్పేది జనగామలో ఒక బడిలో. తప్పు కనబడితే ఊరుకోలేను. పెళ్ళి పత్రిక చేతికిస్తే ముందు అచ్చుతప్పులకు సున్నాలు చుట్టి, ఆ తరువాత ముహూర్తం చూసే రకాన్ని. పొద్దున పుష్‌పుల్ రైల్లో పోయి సాయంత్రం అదే పుష్‌పుల్‌లో తిరిగి వస్తాను. పదకొండేళ్ళుగా ఇదే బతుకు.

మధ్యలో రఘునాథపల్లిలో సోమనర్సయ్య ఎక్కేవాడు. జనగామ మార్కెట్ యార్డులో ఆయన దడువాయి, అంటే రైతులు తెచ్చిన వడ్లు, పత్తి కాంటా పెట్టి తూచే మనిషి. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, చెవిలో ఎప్పుడూ కాస్త పత్తి నూగు. కూర్చోవడానికి చోటున్నా నిలబడే ఉండేవాడు. "పొద్దంత కూసునే కాంట సూస్త మేడం, గిక్కడన్న జర నిలబడనియ్యుండ్రి" అనేవాడు.

మా బోగీని కలిపింది ఒక సీరియల్. ఎక్కడో చల్లటి దేశంలో తీశారు, తెలుగులోకి మార్చి ఫోన్లలో పెట్టారు. పేరు 'ఉప్పుగద్దె'. సముద్రపు ఒడ్డున ఒక రాజ్యం, ఉప్పుతో చెక్కిన సింహాసనం. వాన నీళ్ళు దాని మీద పడితే రాజవంశం పోతుందని జోస్యం. రాణి సెవెరా, ఆమెను దించాలని చూసే సామంతులు, ఎవరి పక్షమో ఎవరికీ అంతుపట్టని ముసలి మంత్రి ఓర్విన్. మొదట బ్యాంకు గుమాస్తా అభిలాష్ చూశాడు, తరువాత కరెంటు ఆఫీసు యుగేందర్, తరువాత నేను. పిల్లల పేపర్లు దిద్దడం మానేసి మరీ చూశాను. సోమనర్సయ్య ఫోనుకు అద్దం పగిలి ఉండేది. ఆ పగులు సరిగ్గా రాణి ముఖం మీద పడేదట. అయినా ఒక్క ఎపిసోడ్ వదల్లేదు. రాణి పేరు నోరు తిరగక 'శివరాణి' అనేవాడు.

మూడో ఎపిసోడ్‌లో ఒక సామంతుడు మిగతా సామంతులందరినీ వేట పేరుతో అడవిలోని మేడకు తీసుకుపోతాడు. విందులు, పాటలు. మాకది ఉత్త విందులాగే కనబడింది. సోమనర్సయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"గిది విందు గాదు, క్యాంపు. ఓటేసే దినం దాంక ఒక్కన్ని బయటికి ఇడువరు, సూడుండ్రి."

తరువాతి వారం ఆ సామంతులంతా ఒకే పడవలో దిగి, ఒకే గొంతుతో రాణి తమ్ముణ్ణి పదవి నుంచి దించారు. మేము నోళ్ళు వెళ్ళబెట్టాం.

"నీకెట్ల ఎర్కయింది నర్సన్నా?" అన్నాడు అభిలాష్.

"నన్ను గూడ గట్లనే దించిండ్రు బిడ్డా."

ఆయన వాళ్ళ ఊరికి రెండేళ్ళు ఉపసర్పంచ్‌గా చేశాడని మాకు అప్పుడే తెలిసింది. రెండేళ్ళు దాటగానే అవిశ్వాసం పెట్టారు. వార్డు మెంబర్లను దర్శనం పేరుతో బండ్లెక్కించుకుపోయి నాలుగు రోజులు తిప్పారు. "పదకొండింటికి మీటింగు. నేను తొమ్మిదింటికే పోయి పంచాయతి ఆఫీసుల కూసున్న. నా దిక్కు మాట్లాడెటోడు ఒక్కడన్న వస్తడని తొవ్వ సూసిన. ఒక్కడు రాలె. అందరు ఒక్క బండ్లనే దిగిండ్రు. మొదటి సంతకం కట్టయ్యది." కట్టయ్య ఆయనకు చిన్ననాటి దోస్తు. రెండు ఇళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆరేళ్ళుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు నుంచి ఆయన పేరు మంత్రి అయింది. రేపేం జరుగుతుందో ఆయన్నడిగేవాళ్ళం. మా బోగీవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా, ఆయన ఫోను తీసుకొని అభిలాష్ ఆయన పేరు తీసేసి 'మంత్రి' అని పెట్టాడు.

ఓర్విన్ మంత్రి ద్రోహి అని మా అందరి నమ్మకం. సోమనర్సయ్య ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. "మాట్లాడనోడల్ల మోసగాడు గాదు మేడం. గాయన ఎవల కోసమో ఆగుతుండు" అనేవాడు. ఇంకో కోపం కూడా ఉండేది ఆయనకు. రాజులూ రాణులూ పుస్తకాల తెలుగు మాట్లాడతారు, జైలు కావలివాడూ గోతులు తవ్వేవాడూ మాత్రం మన మాట మాట్లాడతారు. "మన మాట శవాలు మోసెటోల్లకే ఇచ్చిండ్రు సూడు" అని ఒకసారి చాలా బాధపడ్డాడు. తెలుగు టీచర్నై ఉండి నాకు ఆ సంగతి తట్టనే లేదు. చెప్పొద్దూ, సిగ్గేసింది.

గ్రూపుకు పెద్దను నేనే. ఒకే నియమం పెట్టాను. కొత్త ఎపిసోడ్ శుక్రవారం సాయంత్రం అయిదింటికి వస్తుంది. ఇంగ్లీషులో అంతకుముందే వస్తుంది కాబట్టి అది చూసినవాళ్ళు మిగతావాళ్ళకు కథ చెప్పకూడదు. చెబితే ఆ మాట తుడిచేస్తాను, మనిషిని వారం రోజులు బయటపెడతాను. యుగేందర్‌ను ఒకసారి అట్లాగే పెట్టాను. "శివరాణి గూడ గింత కఠినం లేదు" అని సోమనర్సయ్య పగలబడి నవ్వాడు.

చలికాలంలో యుగేందర్ వాళ్ళమ్మ పోయింది. సాయంత్రం బండిలో నుంచి వాళ్ళ ఊరి దగ్గర మా బోగీ బోగీ దిగిపోయాం. నలభై మందికి పైనే. సోమనర్సయ్య పాడె మోశాడు. మరునాడు రైల్లో ఆ మాటే మాటిమాటికీ చెప్పాడు.

"గంత మంది దిగిండ్రు సూడు. నేను పోయిన్నాడు గూడ గిట్లనే దిగాలె మీరు."

"పొద్దున్నే ఆ మాటలేంటి నర్సన్నా" అని కసిరాను.

"కసురుకుంటె ఏంది, దిగుతరా లేదా చెప్పుండ్రి."

"దిగుతాం, దిగుతాం" అన్నాను, వదిలించుకోవడానికి.

అది శ్రావణంలో ఒక శుక్రవారం. పొద్దున ఆయన బండెక్కలేదు. యార్డుకు సెలవేమో అనుకున్నాం. పదింటికి నేను తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతుండగా ఫోను వణికింది. మంత్రి నంబరు నుంచి గ్రూపులో ఒక ముక్క.

"మంత్రి చనిపోయిండు. అయిదింటికి తీస్తరు."

నాకు మండిపోయింది. వారమంతా ఓర్విన్‌కు ఉరి పడుతుందా లేదా అని కొట్టుకుంటున్నాం. అంత పెద్దమనిషి, ఎవరో ఇంగ్లీషులో చూసి చెప్పింది అందరి ముందూ పెట్టేశాడు. పైగా 'అయిదింటికి తీస్తరు' ఏమిటి? సీరియల్ తీసేది ఎప్పుడో అయిపోయింది, అయిదింటికి వేస్తారు అనాలి. ఒట్టు, నేను చేసిన మొదటి పని మనసులో ఆ క్రియను దిద్దడం. రెండో పని ఆ మాటను ఎవరూ చూడకముందే తుడిచేయడం. మూడో పని ఆ నంబరును గ్రూపులోంచి తీసేయడం. మూడు పనులకూ కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది. తరువాత సవర్ణదీర్ఘ సంధి చెప్పాను.

మా ప్రాంతంలో తీస్తరు అంటే ఏమిటో నాకు తెలియదా? చావు కబురు వస్తే మేమందరం మొదట అడిగే మాట 'ఎన్నింటికి తీస్తరు' అనే కదా. శవం ఇల్లు కదిలే వేళ అది. పుట్టి పెరిగింది ఇక్కడ, పాతికేళ్ళుగా చెబుతున్నది తెలుగు. ఇంకోటి కూడా ఉంది. సోమనర్సయ్యకు ఫోనులో అక్షరాలు కొట్టడం రాదు. ఎప్పుడూ గొంతే పంపేవాడు. ఆ సంగతైనా నాకు తట్టాలి. కోపంలో ఏదీ తట్టలేదు.

సాయంత్రం బండిలో అభిలాష్‌తోనూ యుగేందర్‌తోనూ చెప్పాను, మంత్రిని వారం రోజులు దేశం దాటించానని. నవ్వారు. ముగ్గురం ఒకే ఫోను ముందు కూర్చున్నాం. బండి రఘునాథపల్లిలో ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఒకతను, తలకు తువ్వాల చుట్టుకున్న ముసలాయన, ఒక్కో కిటికీలోకి తొంగిచూస్తూ గబగబా నడుస్తున్నాడు. మా కిటికీ దగ్గరకు వచ్చి చెయ్యి కమ్మీల మీద వేశాడు. ఏదో అడగబోయాడు. ఆ మధ్య కిటికీల్లోంచి ఫోన్లు లాక్కుపోతున్నారని విన్నాను. షట్టర్ దించేశాను. బండి కదిలింది. ఆ ఎపిసోడ్‌లో ఓర్విన్ చావలేదు. "మన మంత్రి జోస్యం తప్పింది" అని అభిలాష్ చంకలు కొట్టుకున్నాడు.

శనివారం లేడు, సోమవారం లేడు, మంగళవారం లేడు. అలిగాడనుకున్నాం. ఎంత పెద్దవాడికైనా అంత అలక పనికిరాదని నేను లోలోపల విసుక్కున్నాను కూడా. బుధవారం పొద్దున రఘునాథపల్లిలో ఒక అమ్మాయి మా బోగీ ఎక్కింది. పాతికేళ్ళుంటాయి. చేతిలో పగిలిన అద్దం ఫోను.

"రైలోళ్ళంటే మీరేనా? నేను సోమనర్సయ్య బిడ్డను, సౌందర్యను."

శుక్రవారం తెల్లారుజామున ఛాతీలో నొప్పని లేచాడట. ఆటో వచ్చేలోపే అయిపోయిందట. దినాలు తరువాతి సోమవారమని చెప్పడానికి వచ్చింది. అభిలాష్ లేచి ఆ అమ్మాయికి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు, అచ్చం వాళ్ళ నాన్నలాగే నిలబడింది.

"బాపు ఫోన్ల ఎవల పేర్లు సరిగ లేవు, గ్రూపొక్కటే కనబడ్డది. గండ్ల మా బాపు పేరు మంత్రి అనే ఉన్నది. సోమనర్సయ్యంటే మీకు ఎర్క ఉంటదో లేదో అని గట్లనే రాసిన. జరసేపటికి తీసేసిండ్రని వచ్చింది. అవ్వ మాత్రం ఇనలె. రైలోళ్ళు దిగుతరు, ఆయన చెప్పిండు, ఆగుండ్రి అన్నది. అయిదింటికి తీయాలె, బండి వచ్చేదాంక తీయనియ్యలె. కట్టయ్య పెదనాయిన టేషన్‌కు ఉరికిండు. బండి పోయినంక గూడ అరగంట ఆగినం, ఆటోల వస్తరేమో అని. ఇగ పొద్దు కూకుతుందని తీసినం."

తరువాత చాలా మెల్లగా అడిగింది. "మా బాపు మీతోని ఏమన్న కొట్లాడిండా మేడం?"

జనగామ వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. యుగేందర్ ఏడుస్తూనే ఉన్నాడు. వాళ్ళమ్మ పాడె మోసిన మనిషి కదా.

సోమవారం బోగీ బోగీ రఘునాథపల్లిలో దిగాం. నలభై మందికి పైనే. ఆయన అడిగినంత మందిమీ దిగాం, పది రోజులు ఆలస్యంగా. ఇంటి ముందు టెంటు, కుర్చీలో ఆయన ఫొటో. ఉపసర్పంచ్‌గా ఉన్నప్పటిది, మెడలో కండువా ఉంది. ఆయన భార్య యాకమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూసి పక్కన చోటు చూపించింది.

"మీరేనా లీలావతి మేడం? శనివారం శనివారం నాకు గా కథ అంత చెప్పెటోడు. గండ్ల మంత్రి మంచోడని ఒకటే కొట్లాట. మీరు గాదన్నరంట. ఇంతకు మంచోడేనా?"

కథ ఇంకా అయిపోలేదు. ఏమవుతుందో నాకూ తెలియదు. ముందే చెప్పకూడదన్న నియమం పెట్టింది నేనే.

"మంచోడే యాకమ్మా. మోసం చేసింది ఆయన కాదు" అన్నాను. ఆ మాట అన్నాక ఇంక ఆగలేకపోయాను. కబురు చూసింది నేనే అని, తుడిచేసింది నేనే అని, తీసేసింది నేనే అని మొత్తం చెప్పాను. దిగుతామని మాటిచ్చింది కూడా నేనే అని చెప్పాను.

యాకమ్మ తిట్టి ఉంటే బాగుండేది.

"కావాలని రాకపోతిరేమో అనుకున్న. పానం ఉన్నప్పుడు ఓసారి ఎవ్వరు రాలె, పోయినంక గూడ ఎవ్వరు రాలె, ఏం పాపం జేసిండు అని మస్తు ఏడ్సిన" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "తినిపో బిడ్డా. తినకుండ పోవద్దు."

ఆమే వచ్చి వడ్డించింది. తిన్నాను.

సాయంత్రం బండికి కట్టయ్య మమ్మల్ని సాగనంపడానికి వచ్చాడు. తలకు అదే తువ్వాల. నేను కిటికీ పక్కన కూర్చున్నాక దగ్గరకు వచ్చి ఆ రోజులాగే కమ్మీల మీద చెయ్యి వేశాడు. నన్ను గుర్తుపట్టాడని అప్పుడు తెలిసింది.

"నేను సంతకం పెట్టిన. మీరు కిటికి మూసిండ్రు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆయనుంటే మనిద్దర్ల ఎవ్వర్ని ఏమనకపోతుండె మేడం."

బండి కదిలినా ఆయన చెయ్యి తీయలేదు. ప్లాట్‌ఫాం చివరిదాకా కిటికీ పట్టుకొని నడుస్తూనే వచ్చాడు.