డ్యూకు గుర్రం, పరాయి బరాత్

తెల్ల గౌను వేసుకుని, గుర్రమెక్కి, ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లికి పెళ్లికొడుకు స్థానంలో వెళ్లిన ఆడమనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. శామీర్‌పేట దగ్గర ఆ పూట రోడ్డు మీదున్న జనం మాత్రం చూశారు. కొందరు వీడియో కూడా తీసుకున్నారు. ఆ మనిషిని నేనే. ఇప్పటికీ ఎక్కడైనా డప్పు వినపడితే నా కాళ్లు నేలను వెతుక్కుంటాయి.

తప్పంతా డ్యూకులది. పాతకాలపు ఇంగ్లండు ప్రభువుల ప్రేమకథలంటే నాకు పిచ్చి. మేడ్చల్‌లోని మా ఇంటి నుంచి తుర్కపల్లిలో మందుల ల్యాబ్‌కు కంపెనీ క్యాబ్‌లో పోతూ వస్తూ ఫోన్లో అవే చదివేదాన్ని. ఏముంది వాటిలో అంటారా? నవలలో డ్యూకు మెల్లగా చేతి తొడుగు తీసి ఆమె వేళ్లను అలా తాకుతాడు. ఆమెకు ఒళ్లు జల్లుమంటుంది. మా ల్యాబ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొడుగులు వేస్తాం, తీస్తాం, బుట్టలో పడేస్తాం. ఎవరికీ ఏమీ జల్లుమనదు. తలకు టోపీ, మూతికి మాస్కు కట్టుకుని సీసాల మధ్య తిరిగే పిల్ల కోసం ఒకడు గుర్రపు బండి దిగి, వాన చినుకుల్లో టోపీ తీసి నిలబడితే ఎంత బాగుంటుందో మీరే చెప్పండి.

మా అవ్వకు మాత్రం ఈ డ్యూకులు నచ్చలేదు. ఏం చదువుతున్నావని అడిగితే ఒకసారి కథ చెప్పాను.

"అంటే దొరనా?" అంది.

"దొరనే అవ్వా. గని మంచి దొర."

"దొర వస్తున్నడంటే మేము తలుపులెనక దాసుకునేటోళ్లం. నువ్వేంది బిడ్డా, ఎప్పుడొస్తడా అని సూస్తున్నవ్?"

అప్పుడే వినాల్సింది. వినలేదు.

ఇంతలో నాకు కార్తీక్‌తో సంబంధం కుదిరింది. వాళ్లది కాకినాడ వైపు, యాప్రాల్‌లో కొత్త కాలనీలో ఉంటారు. కార్తీక్ మంచివాడు. డ్యూకులా తక్కువ మాట్లాడతాడు కూడా. అయితే అతని అమ్మగారు నిశ్చితార్థం రోజునే నన్ను పక్కకు పిలిచి మెత్తగా ఒక మాటన్నారు. "పెళ్లికి ముందు ఇద్దరూ కలిసి ఆ ఫొటోల వేషాలు వేస్తే నాకు నచ్చదమ్మా. ముహూర్తం పెట్టుకున్నామని కూడా చూడను." ఆ మెత్తదనానికే నా గుండె జారిపోయింది. నాకు కార్తీక్ కావాలి. కానీ నా ఖర్మకు ఫొటో కూడా కావాలి.

ఎందుకంటే శామీర్‌పేట దాటాక ఒక ఖాళీ జాగాలో పెళ్లి ఫొటోల కోసమని థర్మాకోల్‌తో కోట కట్టారు. స్తంభాలు, ఫౌంటెన్, అద్దెకు గౌన్లు. అడిగితే గుర్రం కూడా తెప్పిస్తారు. గుర్రం అనగానే నా బుద్ధి గడ్డి తిన్నది. ఇంట్లో డ్యూటీ ఉందని చెప్పాను. కార్తీక్ ఆఫీసని చెప్పాడు.

"అమ్మ కూడా ఇవాళ ఇంట్లో ఉండదులే. పక్కింటివాళ్లమ్మాయి పెళ్లట," అన్నాడు.

పెళ్లి ఎక్కడని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈపాటికి మీరు వేరే ఏదో చదువుకుంటూ ఉండేవారు.

వచ్చిన గుర్రం పేరు రాజా. నెత్తిన ఎర్ర కుచ్చు, మెడలో గంటలు, అచ్చంగా పెళ్లి ఊరేగింపుల్లో తిరిగే బరాత్ గుర్రం. దాన్ని తెచ్చిన మల్లేశన్న అప్పటికే తొందరలో ఉన్నాడు.

"జల్దీ కానియ్యుండ్రి మేడం. పక్క ఫంక్షన్ హాల్ల బరాత్ ఉన్నది, దీన్నే తోల్కపోవాలె."

"తంతదా అన్నా?"

"తన్నది. మస్తు సాదుది. అటో కాలు ఇటో కాలు ఏసి కూసోండ్రి."

"కాదన్నా, పక్కకు కూసుంట. నవలల గట్లనే కూసుంటరు."

"పట్టు దొర్కది మేడం. ఆ నవలల గుర్రం గిది కాదు గదా."

మనం వింటామా? గౌను సర్దుకుని, రెండు కాళ్లూ ఒకే వైపు వేసి కూర్చున్నాను. అప్పుడు తెలిసింది, గుర్రం ఎంత ఎత్తుంటుందో ఏ నవలా సరిగ్గా చెప్పదని. కింద నల్ల కోటులో కార్తీక్ ఉడికిపోతున్నాడు. అద్దె బూట్లు అతనికి పెద్దవి. నడిస్తే టపటపమంటున్నాయి.

"అన్నా, నువ్వు ఫ్రేమ్‌ల పడుతున్నవ్. పక్కకు జరిగి కళ్లెం సార్‌కియ్యి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

మల్లేశన్న ఇచ్చి జరిగాడు. కార్తీక్ నా కళ్లలోకి చూశాడు. నిజంగా డ్యూకులాగే చూశాడు. సరిగ్గా అప్పుడే గోడ అవతల తీన్మార్ డప్పు మొదలైంది.

రాజా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక కాలెత్తింది. దించింది. రెండోది ఎత్తింది. తర్వాత దరువుకు తగ్గట్టు ఆడుకుంటూ గేటు వైపు బయలుదేరింది.

"కార్తీక్, ఆపు."

"ఆగట్లేదు."

"కళ్లెం గుంజు."

"నేను లాగితే అది నన్ను లాగుతోంది."

అంతలో అతని బూటు ఒకటి ఊడింది, దాంతో కళ్లెం కూడా చేజారింది. నేను గుర్రం జూలును రెండు చేతులా పట్టుకున్నాను. కింద రోడ్డు ఊగుతోంది. పడితే నడుము విరుగుతుంది, పడకపోతే ఎక్కడికి పోతానో తెలియదు. మల్లేశన్న వెనకాల పరుగెత్తుకొస్తూ అరిచాడు.

"దుంకకుండ్రి మేడం. దానికి డప్పు ఇనవడ్డది. ఇగ హాల్ గేటు కాడనే ఆగుతది."

"ఆగుతదా నిజంగ?"

"ఆగుతది. ఆడ శెనిగెలు పెడ్తరు దానికి."

బరాత్ జనం రెండు పాయలై దారిచ్చారు. కుర్రాళ్లు ఇదేదో కొత్త ఏర్పాటనుకుని ఇంకా జోరుగా ఎగిరారు. వాళ్లు ఎగిరినకొద్దీ రాజా ఎగిరింది, రాజా ఎగిరినకొద్దీ నా ప్రాణం ఎగిరింది. కారు పక్కన తలపాగాతో గుర్రం కోసం చూస్తున్న పెళ్లికొడుకు నోరు తెరిచాడు.

"ఏందే గిది, నా గుర్రం మీద గామె ఎవలు?"

నేను కళ్లు మూసుకున్నాను. గండిమైసమ్మ తల్లీ, నన్ను కిందికి దించు, నీకు బోనం ఎత్తుతాను, డ్యూకులను వదిలేస్తాను అని మొక్కాను. రాజా ఆగింది. తల్లి విన్నదనుకుంటూ కళ్లు తెరిచాను.

హాలు గేటు ముందు పెళ్లికొడుక్కు ఎదురుకోళ్లకని ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు, పట్టుచీరలో, పన్నీరు బుడ్డి పట్టుకుని కార్తీక్ వాళ్లమ్మ, నాకు కాబోయే యాప్రాల్ అత్తయ్య.

గుర్రం ఆగితే చల్లాలని ఎవరో చెప్పినట్టున్నారు, ఆవిడ ముందు చల్లేసి తర్వాత నా మొహం చూశారు. పన్నీరు నా ముక్కు మీదుగా కారుతోంది. ఆవిడ నన్ను చూశారు. గౌను చూశారు. అప్పుడే రొప్పుతూ, కుంటుతూ, ఒంటి బూటుతో వచ్చి నిలబడ్డ కొడుకునూ చూశారు. అయిపోయింది, పెళ్లి పోయింది, కార్తీక్ పోయాడు, ఇక నాయినకు ఏ మొహంతో చెప్పాలి అనుకున్నాను.

అత్తయ్య మెత్తగా అడిగారు.

"ఇవాళ కంపెనీ క్యాబ్ రాలేదా అమ్మా?"

పక్కనున్నావిడ, "ఎవరండీ ఈ అమ్మాయి?" అంది.

"మా కోడలండీ. డ్యూటీకి వెళ్తూ దారి తప్పింది," అన్నారు అత్తయ్య. ఆ 'కోడలు' మాట విన్నాక నాకు ఊపిరి తిరిగింది. అత్తయ్య గుర్రం పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినపడేలా, "ముందు దిగు. తర్వాత మాట్లాడతాను," అనేసరికి మళ్లీ ఆగింది.

మా పెళ్లి జరిగింది, ముహూర్తం మారలేదు. ఆవిడ ఆ సంగతి ఇంతవరకూ మాట్లాడలేదు. కాఫీ ఇచ్చినప్పుడల్లా, "అమ్మా," అని పిలిచినప్పుడల్లా, ఆ 'తర్వాత' ఇదేనేమోనని వణుకుతూనే ఉన్నాను.

కాబట్టి ఆ పన్నీరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక గుర్రమెక్కను. డ్యూకే స్వయంగా మా గేటు ముందు దిగి, తొడుగు తీసి చెయ్యి చాచినా సరే, "మన్నించండి ప్రభూ, నాకు కంపెనీ క్యాబ్ ఉంది," అంటాను.